బుద్ధవరపు వారి నూట నలభై వంటకాలు

చినరేవుపాలెంలో తెలివైనవాళ్ళెవరని ఎవరైనా అడిగితే ఊళ్ళో జనం కాసేపు ఆలోచనలో పడేవాళ్ళు. బుద్ధవరపు అన్నదమ్ములు మాత్రం ఆలోచించేవాళ్ళు కాదు. "ఇంకెవరు, మేమే" అనేవాళ్ళు. అడక్కపోయినా అనేవాళ్ళు. "మా ఇంటిపేరులోనే బుద్ధి ఉంది. మీ ఇంటిపేరులో ఏముందో చూసుకోండి" అనేవాడు పెద్దాయన సోమయాజులు. ఎదుటివాడి ఇంటిపేరు గుర్రాల అయిందా, ఇంకేముంది, ఆ పూటకి వాడు మళ్ళీ నోరెత్తేవాడు కాదు.

అన్నదమ్ములు ముగ్గురు. సోమయాజులు ఏం చెయ్యాలో తేలుస్తాడు. నడిపివాడు విశ్వపతి దానికి అర్థం చెబుతాడు. చిన్నవాడు నరహరి అర్థమైనా కాకపోయినా చేసేస్తాడు. ఇంటి పెద్ద కోడలు భ్రమరాంబ, అంటే సోమయాజులు భార్య, ఆ చేసిందంతా చూసి "మా ఇంటి మగాళ్ళకి ఇంత తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందో" అని ముగ్గురికీ ఉప్పుతో దిష్టి తీస్తుంది.

వాళ్ళ పని పెళ్ళి వంటలు. ఆ పనిలో మాత్రం వాళ్ళకి వంక పెట్టడానికి లేదు. గాడిపొయ్యి ముందు నిలబడితే చుట్టుపక్కల పదిహేను ఊళ్ళకి వాళ్ళ పనసపొట్టు కూరే కూర, వాళ్ళ బొబ్బట్లే బొబ్బట్లు. అదంతా వాళ్ళమ్మ మహాలక్ష్మమ్మ చెప్పి రాయించిన కొలతల పుస్తకం చలవ. ఐదొందల మందికి ఎంత పప్పు, ఎంత బెల్లం, ఆవ ఎప్పుడు కలపాలి, అన్నీ అందులో ఉండేవి. కాకపోతే అన్నదమ్ములు ముగ్గురూ ముగ్గురే. ఒకడు ఉప్పు కొట్టేసి తగ్గించి రాసేవాడు, ఇంకొకడు దాన్ని కొట్టేసి పెంచి రాసేవాడు. పుస్తకం నిండా కొట్టివేతలే.

వాళ్ళ మేనకోడలు హిమజ విశాఖపట్నంలో కంప్యూటరు ఉద్యోగం చేస్తోంది. సెలవుల్లో వచ్చి ఆ పుస్తకం చూసి తల పట్టుకుంది. నెల్లాళ్ళు కూర్చుని నూట నలభై వంటకాలూ వాళ్ళ కోసం తెచ్చిన ల్యాప్‌టాప్ కంప్యూటర్లోకి ఎక్కించింది. వంటకానికి ఒక ఫైలు. వాటన్నిటినీ వెర్షన్ కంట్రోల్ అనేదాంట్లో పెట్టింది.

"అంటే ఏంటే అమ్మడూ?" అన్నాడు సోమయాజులు.

"అంటే మీరు ఏ మార్పు చేసినా ఇది గుర్తుపెట్టుకుంటుంది పెద్ద మావయ్యా. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, అంతకు ముందు ఎలా ఉండేది, అన్నీ. మీరు మరిచిపోతారు గాని ఇది మరిచిపోదు. మార్పు చేసినప్పుడల్లా ఎందుకు చేశారో ఒక ముక్క రాయమని అడుగుతుంది. రాసెయ్యండి. ఇక ఈ పాత పుస్తకంతో మీకు పని లేదు."

పని లేదంది కదా. ఇంకేముంది, ఆమె బస్సెక్కగానే నరహరి ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టి ఆ మంట మీద కాఫీ కాచాడు.

రాసే సంగతి విశ్వపతి చూసుకున్నాడు. కందిపప్పు పావు కిలో తగ్గించినప్పుడు కంప్యూటరు అడిగింది. ఒక ముక్క రాయమంది కాబట్టి "వంకాయ ముక్క" అని రాశాడు. ఇంకోసారి నెయ్యి పెంచి "గుమ్మడికాయ ముక్క" అని రాశాడు. రోజూ ఒకే ముక్క రాస్తే బాగుండదని మార్చి మార్చి రాసేవాడు. "చూశావా అన్నయ్యా, ఎన్ని రకాల ముక్కలు రాసినా కాదనకుండా తీసుకుంటోంది" అని మురిసిపోయేవాడు.

ఇలా ఉండగా ఫాల్గుణ మాసంలో ఒక పెద్ద పెళ్ళి ఒప్పుకున్నారు. ఇనుగంటి పార్వతీశంగారి అమ్మాయి పెళ్ళి. గురువారం ముహూర్తం, ఐదొందల మందికి భోజనాలు. సోమవారం పొద్దున్నే పార్వతీశంగారు ఫోన్ చేశారు.

"సోమయాజులుగారూ, మగపెళ్ళివారు నియమాలున్న మనుషులు. ఉల్లిపాయ అన్న మాటే వినపడకూడదంటున్నారు. మీ జాబితాలో ఉల్లిపాయ ఉన్నవన్నీ తీసెయ్యండి. నా పరువు మీ చేతుల్లో ఉంది."

"మీరు మాకు చెప్పాలా? ఇప్పుడే తీసేయిస్తాను" అన్నాడు సోమయాజులు.

విశ్వపతి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఉల్లిపాయ అన్న మాట ఉన్న ఫైళ్ళన్నీ వెతికాడు. హిమజ ఒక పద్ధతి పెట్టింది. ప్రతి ఫైలు చివరా "ఉల్లిపాయ: ఉంది" అనో "ఉల్లిపాయ: లేదు" అనో ఒక వరస రాసింది. ఇంకేముంది, నూట నలభై ఫైళ్ళూ వచ్చి వరసగా నిలబడ్డాయి.

"అమ్మో! పరమాన్నంలో కూడా ఉల్లిపాయ ఉందన్నయ్యా!" అన్నాడు విశ్వపతి.

"ఏదీ, చూపించు."

"ఇదిగో. ‘ఉల్లిపాయ: లేదు.’"

"లేదని ఉందిగా?"

"లేదని ఉంది. అంటే ఉల్లిపాయ అన్న మాట ఉన్నట్టే కదా. మాటే వినపడకూడదన్నారాయన."

సోమయాజులు గడ్డం నిమురుకున్నాడు. "నిజమే. ఇన్నాళ్ళూ మనం పరమాన్నంలో ఆ మాట పెట్టుకుని జనానికి వడ్డించాం. తీసెయ్."

అంతే. నూట నలభై ఫైళ్ళూ తీసేశాడు. కంప్యూటరు అడిగింది, ఎందుకు తీశావని. "ఉల్లిపాయ ముక్క" అని రాశాడు. ముగ్గురూ కాఫీ తాగి, పెళ్ళికి ముందు రోజు చెయ్యాల్సిన లడ్డూలకి సెనగపిండి ఎంత కావాలో చూద్దామని మళ్ళీ కంప్యూటరు తెరిచారు. లడ్డూ లేదు. పులిహోర లేదు. బొబ్బట్టు లేదు. తెల్లటి తెర తప్ప ఏమీ లేదు.

"పోనీ, సెనగపిండి ఎంతో నీకు గుర్తుందా?" అన్నాడు సోమయాజులు.

"నాకెందుకు గుర్తుంటుంది? మనం మరిచిపోయినా అది మరిచిపోదందిగా హిమజ. అందుకని నేను మరిచిపోయాను" అన్నాడు విశ్వపతి.

"నేనూ మరిచిపోయాను" అన్నాడు నరహరి.

వాళ్ళమ్మ చెప్పిన కొలతలు, నలభై ఏళ్ళవి, పొద్దున్న కాఫీకి ముందు ఉన్నాయి, కాఫీ తర్వాత లేవు. పైగా గురువారం ఐదొందల విస్తళ్ళు. సోమయాజులు అరుగు మీద కూలబడ్డాడు. భ్రమరాంబ నీళ్ళిచ్చింది. నరహరి హిమజకి ఫోన్ కలిపాడు.

హిమజ అంతా విని, "కంగారు పడకండి, ఏవీ పోవు. దాని పనే అది. నేను మీటింగులో ఉన్నాను, పావుగంటలో నేనే చేస్తాను. అంతవరకూ మీరు ఏమీ ముట్టుకోకండి" అని పెట్టేసింది.

ఇంకేముంది. నలుగురూ చేతులు పైకెత్తి నడింట్లో నిలబడ్డారు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. "ఏవండీ, పాలు" అంది భ్రమరాంబ. "ముట్టుకోకు" అన్నాడు సోమయాజులు. పాలు పొంగాయి, పొయ్యి ఆరింది. వీధి తలుపు తీసి ఉంటే కుక్క లోపలికొచ్చి, పెరుగు గిన్నె మూత తోసేసి, తినాల్సింది తిని వెళ్ళింది. పావుగంటకి ఫోన్ మోగింది. ఎవరూ ముట్టుకోలేదు. మళ్ళీ మోగింది. పదకొండుసార్లు మోగింది.

"అన్నయ్యా, ముట్టుకోకుండా ఎత్తే మార్గం ఒకటుంది" అన్నాడు విశ్వపతి. "పట్టకారు."

"పట్టకారుని ముట్టుకోవాలిగా?"

"గుడ్డతో పట్టుకుంటాను."

"గుడ్డని?"

ఈ గుడ్డ తగువు తేలేలోపు భ్రమరాంబకి చేతులు లాగేశాయి. ఆవిడ మోచేత్తో ఫోన్ నొక్కింది.

"ఏమైపోయారు అందరూ?" అంది హిమజ, ఏడుపొక్కటే తక్కువగా. "సరే వినండి. చాలా తేలిక. నిన్నటికి వెళ్ళాలి. నిన్న ఎలా ఉందో అలా చేసేస్తే అన్నీ వచ్చేస్తాయి. అంతే. ఎలా చెయ్యాలంటే..."

ఎలా చెయ్యాలో వాళ్ళు వినలేదు. నిన్న ఎలా ఉందో అలా చెయ్యాలని తెలిశాక ఇంకా వినేదేముంది? సోమయాజులు అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు.

"నిన్న ఆదివారం. నేనేం చేశాను పొద్దున్న?"

"కాలవ నీళ్ళ గురించి పక్కింటి టైలరు అప్పారావుతో పోట్లాడారు" అంది భ్రమరాంబ. "తర్వాత నూతి దగ్గర జారి పడ్డారు. తర్వాత హెడ్మాస్టరుగారింట్లో వాళ్ళమ్మాయి శ్రీమంతానికి వంట చేశారు."

అంతే, ముగ్గురూ నిన్నటి మాసిన బట్టలు తొడుక్కున్నారు. సోమయాజులు నేరుగా అప్పారావు కొట్లోకి వెళ్ళాడు. అప్పారావు రాత్రంతా బాధపడి ఉన్నాడు. ఈయన్ని చూడగానే మిషను ఆపి లేచి నిలబడ్డాడు.

"రండి బాబూ, రండి. నిన్న నోరు జారాను. పెద్దవారు, మనసులో పెట్టుకోకండి."

"జారిన సంగతి అలా ఉంచు. నిన్న నన్నేమన్నావో అది మళ్ళీ అను."

"అయ్యయ్యో, ఎందుకు బాబూ? తప్పయిందంటున్నాగా."

"తప్పేం కాలేదు. నువ్వు తిడితేగాని మాకు లడ్డూ రాదు. పొల్లు పోకుండా తిట్టు."

అప్పారావు దణ్ణం పెట్టాడు. సోమయాజులు వదల్లేదు. చివరికి అప్పారావు కళ్ళనీళ్ళు పెట్టుకుని, "మీ అంత మూర్ఖుణ్ణి నేను చూళ్ళేదండి" అన్నాడు.

"నిన్న ‘అండి’ అనలేదు" అన్నాడు సోమయాజులు.

"మీ అంత మూర్ఖుణ్ణి చూళ్ళేదు!" అని అరిచాడు అప్పారావు.

"చల్లగా ఉండు" అని దీవించి, ఇంటికొచ్చి, నూతి దగ్గర చెప్పు విడిచి, నిన్న జారిన రాయి మీదే కాలేసి జారాడు సోమయాజులు. నిన్న మోకాలు ఒక్కటే కొట్టుకుంది. ఇవాళ మోకాలూ నడుమూ రెండూ. "నిన్నటికంటే బాగా వచ్చింది" అన్నాడు నరహరి, లేవదీస్తూ.

అక్కణ్ణుంచి గుండిగలూ గరిటెలూ రిక్షాలో వేయించుకుని హెడ్మాస్టరు కొండలరావుగారింటికి వెళ్ళారు. వాళ్ళమ్మాయి వరండాలో కూర్చుని ఇడ్లీ తింటోంది. కొండలరావుగారు బడికి బయల్దేరుతున్నారు.

"మాస్టారూ, అమ్మాయిని పీట మీద కూర్చోబెట్టండి. శ్రీమంతం" అన్నాడు విశ్వపతి.

"నిన్న అయిపోయింది కదయ్యా!"

"ఇవాళ మళ్ళీ నిన్నండీ."

"ఒక్క కడుపుకి రెండు శ్రీమంతాలా? నాకు బడికి టైమైంది, తప్పుకోండి."

విశ్వపతికి అప్పుడు వెలిగింది. "అన్నయ్యా! నిన్న బడి లేదు. ఇవాళ ఉంది. అందుకే ఫైళ్ళు రావడం లేదు!"

ఇంకేముంది, నరహరి పరుగెత్తాడు. బడి గేటు మూసి, తమ వంటసామాన్ల పెట్టెకి వేసే ఇత్తడి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. పిల్లలు బయట, మేష్టర్లు లోపల. పిల్లలు చప్పట్లు కొట్టి "నరహరిగారికీ జై" అన్నారు. కొండలరావుగారు వచ్చి, అరిచి, బతిమాలి, చివరికి యాభై ఏడేళ్ళ వయసులో గోడెక్కి బళ్ళోకి దూకారు. పంచె గోడ మీదే ఉండిపోయింది. నరహరి ఆ పంచెని మడత పెట్టి భద్రంగా ఇంటికి పట్టుకొచ్చాడు.

కంప్యూటరు తెరిస్తే తెల్లటి తెర. ఒక్క వంటకం కూడా రాలేదు.

సాయంత్రం హిమజ మళ్ళీ ఫోన్ చేసి, జరిగిందంతా వింది. "నిన్నటికి వెళ్ళమన్నది మిమ్మల్ని కాదు మావయ్యా" అంది చివరికి. "ఫైళ్ళని."

"మరి ముందే చెప్పొద్దూ? నడుం పట్టేసింది" అన్నాడు సోమయాజులు.

హిమజ ఈసారి జాగ్రత్తపడింది. ఇంగ్లీషు మాటలు వాడితే వీళ్ళకి బోధపడదని అచ్చ తెలుగులో, చంటిపిల్లలకి చెప్పినట్టు చెప్పింది. "ఒక చెట్టు ఉందనుకోండి మావయ్యా. దానికి కాండం ఉంటుంది, కొమ్మలుంటాయి. మీరు తుడిచేసింది కాండం మీద. నేను ఎందుకైనా మంచిదని పక్కన ఒక కొమ్మ పెట్టి ఉంచాను. నూట నలభై వంటకాలూ ఆ కొమ్మలో ఉన్నాయి. కాండం మీంచి ఆ కొమ్మ మీదకి మారితే చాలు. రేపు పొద్దున్న విశ్వం మావయ్య కంప్యూటరు ముందు కూర్చుని నాకు ఫోన్ చెయ్యమనండి, మార్పిస్తాను."

"ఆ మాత్రం దానికి నీకు శ్రమెందుకు, మేం మారలేమా?" అన్నాడు నరహరి.

మంగళవారం పొద్దున్న నలుగురూ పెరట్లో చేరారు. పెరట్లో రెండు చెట్లున్నాయి. ఒకటి జామ, ఒకటి మునగ.

"ఏ చెట్టో అడగలేదురా" అన్నాడు సోమయాజులు.

"అడగాలా?" అన్నాడు విశ్వపతి. "మన వంటకాల్లో జామకాయ ఎక్కడైనా ఉందా? లేదు. మునక్కాయ పులుసులో ఉంది, కూరలో ఉంది. మునగచెట్టే."

భ్రమరాంబ మెటికలు విరిచింది, ఎంత తెలివని.

నరహరి కంప్యూటరుని తువ్వాల్లో చుట్టి నడుముకి కట్టుకుని మునగచెట్టెక్కాడు. కాండం మీద కాసేపు కూర్చుని తెర చూశాడు. "ఇక్కడ లేవన్నయ్యా!" అన్నాడు. "అక్కడ ఉండవురా, అక్కడ తుడిచేశాం. పక్క కొమ్మ మీదకి మారు!" అన్నాడు సోమయాజులు. నరహరి పక్క కొమ్మ మీదకి మారాడు. మునగకొమ్మ సంగతి తెలిసిందే. పిట్ట వాలితే ఊగుతుంది, కాకి వాలితే వంగుతుంది. నరహరి డెబ్బై ఎనిమిది కిలోలు.

ఫెళ్ళుమన్న చప్పుడైంది. అంతే. కొమ్మా నరహరీ కంప్యూటరూ కలిసి కిందకొచ్చాయి. కింద పెళ్ళి పులిహోరకని, కొలత తెలీక ఇంట్లో ఉన్న పన్నెండు కిలోల చింతపండూ నానబెట్టిన గుండిగ ఉంది. నరహరి దాంట్లో కూర్చున్నాడు. కంప్యూటరు ఆయన కింద కూర్చుంది.

"దెబ్బ తగిలిందా?" అని పరుగెత్తుకొచ్చాడు సోమయాజులు.

"లేదన్నయ్యా, మెత్తగానే ఉంది."

"ఫైళ్ళో?"

నరహరి చింతపండు గుజ్జులోంచి కంప్యూటరు తీశాడు. తెర మీద ఏమీ లేదు. గుజ్జుంది. భ్రమరాంబ దాన్ని అందుకుంది. "దీనికింత గాభరా ఎందుకు? చింతపండు తగిలితే ఇత్తడి సామాను తళతళ్ళాడుతుంది. ఇదీ అంతే" అని కొబ్బరి పీచుతో ముందూ వెనకా బాగా తోమి, రెండు బక్కెట్ల నీళ్ళు కుమ్మరించి, అక్షరాల మధ్య ఇరుక్కున్న పిక్కలు పుల్లతో తీసి, దండెం మీద ఆరేసింది. నిజంగానే తళతళ్ళాడింది. వెలగలేదు, అంతే.

హిమజకి ఆ కబురు చెప్పినప్పుడు ఆమె తిట్టలేదు. "నేను బయల్దేరి వస్తున్నాను" అని మాత్రం అంది.

బుధవారం మధ్యాహ్నం బస్సు దిగి, తన కంప్యూటరు తనే తెచ్చుకుని, నట్టింట్లో పీట వేసుకుని కూర్చుంది హిమజ. నలుగురూ చుట్టూ చేరారు. ఆ మూడు రోజులూ సోమయాజులు సరిగా అన్నం తినలేదు. లోపలి గదిలో లడ్డూలకి సెనగపిండి బస్తా విప్పకుండా అలాగే ఉంది.

"నీ కంప్యూటర్లో ఎలా ఉంటాయే?" అన్నాడు ఆయన. "మనది చింతపండులో పడింది కదా."

"మీ దగ్గరున్నది ఒక కాపీ మావయ్యా. ఇంకో కాపీ దూరంగా ఇంకోచోట ఉంటుంది. అందుకే ఏవీ పోవన్నాను."

మార్పుల జాబితా తెరిచింది. వంకాయ ముక్క. గుమ్మడికాయ ముక్క. బెండకాయ ముక్క. దోసకాయ ముక్క. దోసకాయ ముక్క, మళ్ళీ. హిమజ విశ్వపతి వైపు చూసింది.

"ఒక ముక్క రాయమన్నావుగా" అన్నాడు ఆయన, కాస్త గర్వంగా.

అన్నిటికన్నా పైన ఉంది. సోమవారం, ఉదయం ఎనిమిదీ పది. నూట నలభై ఫైళ్ళు తొలగించారు. ఉల్లిపాయ ముక్క. హిమజ ఏదో ఒక్క వరస రాసి మీట నొక్కింది. చిటికె వేసినంత సేపు కూడా పట్టలేదు. లడ్డూ వచ్చింది, పులిహోర వచ్చింది, అరిసె వచ్చింది, నూట నలభైయ్యీ వచ్చి కూర్చున్నాయి.

సోమయాజులు తెర దగ్గరకి వంగాడు. పనసపొట్టు కూర ఫైల్లో చివరి వరస పైకే చదివాడు. "‘ఆవ దింపాకనే కలపాలి నాయనా, పొయ్యి మీద కలిపితే చేదెక్కుతుంది.’ అమ్మ అన్న మాట అన్నట్టే రాశావే!" అన్నాడు. ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నాడు. నరహరి కూడా ముక్కు ఎగబీల్చాడు. హిమజకి మూడు రోజుల విసుగూ పోయింది. మావయ్యలు ఎంత మూర్ఖులైనా అమ్మమ్మ కొలతల కోసం ఏడిచే మనుషులు.

ఆ పూటే లడ్డూలు చుట్టేశారు. సాయంత్రానికి సరుకంతా సర్దుకుని పార్వతీశంగారింటికి చేరుకున్నారు. ఎక్కడా ఏ పొరపాటూ జరక్కూడదని హిమజ వంటకాలన్నీ కాగితాల మీద అచ్చేయించి పట్టుకొచ్చింది. విశ్వపతికి అనుమానం తీరలేదు. "వచ్చినవి మనవేనా, ఎవరి వంటకాలైనా కలిసిపోయాయా?" అని రెండుసార్లు అడిగాడు. నమ్మకం కలగాలని, ఇన్నాళ్ళూ చేసిన మార్పులు కూడా కనపడేలా అచ్చేయించింది.

"ఇదిగో చూడండి విశ్వం మావయ్యా. పక్కన మైనస్ గుర్తు ఉంటే తీసేసినట్టు. ప్లస్ గుర్తు ఉంటే వేసినట్టు. ఎంత తేలికో చూశారా?"

"మైనస్ తియ్యడం, ప్లస్ వెయ్యడం. చంటిపిల్లాడికైనా తెలుస్తుంది" అన్నాడు విశ్వపతి.

గురువారం పొద్దున్న గాడిపొయ్యిలు వెలిగించారు. హిమజ ఎనిమిదింటి దాకా పక్కనే నిలబడింది. పులిహోర కలిపారు, అమృతంలా ఉంది. పప్పు ఉడికింది, వెన్నలా ఉంది. పనసపొట్టు కూర దింపి ఆవ కలిపితే ఆ ఘాటుకి పందిట్లో సన్నాయి ఊదేవాడు కూడా ఇటు తిరిగి చూశాడు. పార్వతీశంగారు వచ్చి రుచి చూసి సోమయాజులు భుజం తట్టి వెళ్ళారు. హిమజ ఊపిరి పీల్చుకుంది. ఇక ముక్కల పులుసొక్కటే మిగిలింది. "నేను పట్టుచీర కట్టుకుని పెళ్ళి చూస్తాను మావయ్యా" అని వెళ్ళిపోయింది.

పులుసు మరుగుతోంది. విశ్వపతి కాగితం తీశాడు.

"మైనస్. ఉప్పు, మూడు కిలోలు. ప్లస్. ఉప్పు, రెండు కిలోలు" అని చదివాడు.

"అంటే?" అన్నాడు నరహరి.

"మూడు కిలోలు తియ్యాలి. రెండు కిలోలు వెయ్యాలి."

"ఇంకా ఏమీ వెయ్యందే మూడు కిలోలు ఎలా తీస్తాం?"

సోమయాజులు నవ్వాడు. "వెర్రివాడా, అందుకే ముందు వెయ్యాలి. వేస్తేనేగా తియ్యగలం. మూడు వెయ్యి, మూడు తియ్యి, తర్వాత రెండు వెయ్యి. అమ్మ ఏది చెప్పినా దాన్లో ఏదో కిటుకు ఉంటుంది."

అంతే. మూడు కిలోల ఉప్పు గుండిగలో పడింది. ఎంత కలిపినా తిరిగి పైకి రాలేదు. నరహరి చిల్లుల గరిటెతో దేవాడు. గుమ్మడికాయ ముక్కలొచ్చాయి, మునక్కాయలొచ్చాయి, ఉప్పు రాలేదు. గుడ్డలో వడగట్టారు. రాలేదు.

"కరిగిపోయిందండీ" అంది భ్రమరాంబ.

"కరిగితే పోయినట్టా?" అన్నాడు విశ్వపతి. "ఏదీ పోదని హిమజ చెప్పలేదూ? సముద్రపొడ్డున ఉప్పుమడుల్లో ఏం చేస్తారు? ఉప్పునీళ్ళు ఎండలో పారబోస్తారు. నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు మిగులుతుంది. పారతో ఎత్తుకుంటారు."

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బయట ఎండ చిటపటలాడుతోంది. పైన డాబా ఖాళీగా ఉంది.

పదకొండున్నరకి మాంగల్యధారణ అయింది. పన్నెండు దాటాక మొదటి బంతి కూర్చుంది. పులిహోరకి ఆహా అన్నారు, పనసపొట్టుకి ఓహో అన్నారు, మగపెళ్ళివారి పెద్దాయన రెండోసారి అడిగి మరీ వేయించుకున్నారు. అన్నంలో గుంట చేసుకుని అందరూ పులుసు కోసం చూస్తున్నారు. పులుసు రాలేదు. "పులుసండీ" అన్నాడొకాయన. "పులుసు, పులుసు" అని వరస వరసంతా అందుకుంది. పార్వతీశంగారు వంటశాలలోకి పరుగెత్తారు. గుండిగ బోర్లించి ఉంది. గరిటె పట్టుకున్న మనిషి లేడు. నేల మీద ఎర్రటి చుక్కలు వరసగా డాబా మెట్లెక్కుతున్నాయి. ఆయన ఆ చుక్కల వెంట పరుగెత్తారు. ఆయన వెనక పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని హిమజ.

డాబా మీద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నాలుగు టార్పాలిన్లు పరిచి ఉన్నాయి. వాటి మీద ఐదొందల మందికి సరిపడే ముక్కల పులుసు, పల్చగా, ఒక్క చోట కూడా గుట్ట లేకుండా ఎండపోసి ఉంది. భ్రమరాంబ కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతోంది. నరహరి రెండు చేతులా రెండు విసనకర్రలతో విసురుతున్నాడు. విశ్వపతి ఓ మూల గొంతుక్కూర్చుని, అట్లకాడతో గీకిందంతా తక్కెట్లో వేసి తూస్తున్నాడు.

పార్వతీశంగారు నెత్తి కొట్టుకున్నారు. హిమజ విశ్వపతి ఒళ్ళోంచి కాగితం తీసుకుని, ఆ రెండు వరసలూ చదివి, మెట్ల మీద మెల్లగా కూర్చుండిపోయింది.

సోమయాజులు మాత్రం ఏ మాత్రం తొణక్కుండా పిట్టగోడ మీదకి వంగి, కింద విస్తళ్ళ ముందు కూర్చున్న జనానికి వినపడేలా కేకేశాడు.

"ఎవరూ చేతులు కడుక్కోకండి! మూడు కిలోలు తియ్యాలి, అప్పుడే పావు కిలో వచ్చింది! ఎండ ఇలాగే కాస్తే ఎల్లుండి మధ్యాహ్నానికల్లా మీకు వేడివేడి పులుసు!"